కార్యాలయములో మాట, మన్నన - సహాయకోద్యోగికి కొన్ని పాఠములు

మన కళాశాల నుండి పట్టము పుచ్చుకొని వెళ్ళు విద్యార్థులలో అనేకులు ఏదో ఒక కార్యాలయములో జూనియర్ అసిస్టెంటుగానో, టైపిస్టుగానో, గుమాస్తాగానో తమ ఉద్యోగ జీవితమును ప్రారంభింతురు. గ్రూప్-4 పరీక్షలకు చదువుచున్న మిత్రులు ఈనాడు కూడ మన గ్రంథాలయములో ప్రతి బల్ల వద్దను కనిపింతురు. వారికి గణితము నేర్పువారున్నారు, సామాన్య విజ్ఞానము నేర్పువారున్నారు, కంప్యూటరు నేర్పువారున్నారు. కాని ఉద్యోగములో చేరిన మొదటి దినమున ప్రక్క కుర్చీలోని మనిషితో ఎట్లు మాట్లాడవలెనో నేర్పు పాఠ్యపుస్తకము లేదు. ఆ కొరతను కొంతవరకైనను తీర్చవలెనని మేము ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

మంచి మాట గొప్పదని అందరును చెప్పుదురు. నోరు మంచిదైన ఊరు మంచిదగునని తెలుగువారి సామెత. ముందు తూచు, ఆ పిమ్మట పలుకు అను అర్థముతో "పహలే తోలో, ఫిర్ బోలో" అని ఉర్దూ వారి సుద్ది. అయితే సామెత తెలిసినంత మాత్రమున ఆచరణ రాదు. కార్యాలయములో ఏ సమయమున, ఎవరితో, ఏ మాట, ఏ రీతిగా అనవలెనో వివరముగా తెలిసికొనుట అవసరము.

1. సహాయకుని చేతిలోని పరికరము

సహాయకోద్యోగి స్థానము విచిత్రమైనది. పని అంతయు అతని బల్ల మీదుగనే సాగును. కాని ఎవరిని ఆజ్ఞాపించుటకును అతనికి అధికారము లేదు. సూపరింటెండెంటు అతనికి పై అధికారి. లెక్కల విభాగపు గుమాస్తా అతనితో సమానుడు. అటెండరు కార్యాలయమునకంతటికిని సేవకుడే గాని అతనికొక్కనికే కాదు. కావున సహాయకుడు ఏ కాగితమును కదిలింపవలెనన్నను అడిగి కదిలింపవలసినదే. అధికారికి ఆజ్ఞ పరికరమైనచో సహాయకునికి అడుగుటయే పరికరము. వడ్రంగి బాడిసెను పదును పెట్టుకొన్నట్లు అతడు తన అడుగు తీరును పదును పెట్టుకొనవలెను.

ఈ కారణము చేతనే సహాయకుని విషయములో మర్యాద అలంకారము కాదనియు, అది పనిలోని భాగమే అనియు మేము చెప్పుచున్నాము. మర్యాద లేని అధికారి వద్ద పని కష్టముగానైనను జరుగును. మర్యాద లేని సహాయకుని వద్ద పని నిలిచిపోవును.

2. ఒక అర్జీ చేయు ప్రయాణము

కార్యాలయమునకు ఒక అర్జీ వచ్చినదనుకొందము. తపాలు గుమాస్తా దానికి సంఖ్య, తేదీ వేసి ఇన్‌వర్డు రిజిస్టరులో వ్రాయును. సూపరింటెండెంటు అది ఏ సీటుకు చెందినదో గుర్తించి పంచును. సంబంధిత సహాయకుడు తన పర్సనల్ రిజిస్టరులో దానిని ఎక్కించుకొని, ఫైలు తీసి, నోటు వ్రాసి పైకి పంపును. అధికారి ఉత్తరువు వేయును. సహాయకుడు ముసాయిదా తయారు చేయును. అది ఆమోదము పొందిన పిదప టైపిస్టు శుద్ధప్రతి తీయును. సంతకమైన తరువాత డిస్పాచ్ గుమాస్తా దానిని బయటకు పంపును. లెక్కించి చూచినచో ఒక్క అర్జీ తక్కువలో తక్కువగా ఐదారు చేతులు మారినది. ఏ రెండు చేతుల నడుమ మాట చెడినను అర్జీ అక్కడ ఆగిపోవును.

ఇది ఎంతటి విషయమో ఒక ఊహాచిత్రముతో చూతము. ఒక చిన్న ఉద్యోగి సర్వీసులో ఉండగా మరణించినాడు. అతని భార్య కుటుంబ పింఛను కొరకు అర్జీ పెట్టుకొన్నది. సర్వీసు రిజిస్టరు ఎస్టాబ్లిష్‌మెంటు విభాగములోనున్నది, జీతపు వివరములు లెక్కల విభాగములోనున్నవి. ఈ రెండు సీట్లలోని సహాయకులకు ఏనాడో టీ బల్ల వద్ద ఒక మాట పట్టింపు వచ్చినది. నాటి నుండి ఒకరితో ఒకరు పలుకరు. "కావలసినచో వ్రాతమూలకముగా అడుగుమనుడు" అని ఒకరు, "వారే పంపవలెను గదా" అని వేరొకరు. ఇరువురును నిబంధన తప్పలేదు. ఇరువురి పర్సనల్ రిజిస్టరులును శుభ్రముగానున్నవి. కాని ఆ స్త్రీ పల్లె నుండి బస్సునకు ఛార్జీ పెట్టుకొని, ఆనాటి కూలి పోగొట్టుకొని, నాలుగు మారులు వచ్చి నాలుగు మారులును రిక్తహస్తములతో మరలినది. వారి తగవునకు మూల్యము చెల్లించినది వారిరువురు కారు, ఆమె.

తోటి ఉద్యోగితో మర్యాద అనునది ఇరువురి సొంత వ్యవహారమని తలచువారు ఈ చిత్రమును గుర్తుంచుకొనవలెను. కార్యాలయములో ప్రతి సంభాషణ వెనుకను కనబడని మూడవ మనిషి ఒకడు వరండాలో నిలబడి యుండును.

3. అడుగు తీరు

మన భాషలలో మర్యాద క్రియాపదములోనే ఇమిడియున్నది. "ఫైలు ఇవ్వు", "ఫైలు ఇవ్వండి", "ఫైలు ఇస్తారా?", "ఫైలు ఇప్పించగలరా?" - ఈ నాలుగింటిలోను కోరిన వస్తువు ఒక్కటే. మొదటిది సమానునితోనైనను గుచ్చుకొనును. రెండవది సరియైనది. మూడవది ఎదుటి వానికి కాదనుటకు చోటు విడుచును. నాలుగవది పెద్దల వద్ద ఒప్పును. ఉర్దూలో తూ, తుమ్, ఆప్ అను మూడు మెట్లును, "దో", "దీజియే" అను భేదమును ఇట్టివే. దూర ప్రాంతము నుండి బదిలీపై వచ్చిన ఉద్యోగి ఈ మెట్లలో తడబడినచో అతనికి అహంకారమని నిర్ణయింపరాదు. ఉర్దూ ఇంటి భాషగా గలవాడు తెలుగులో "నువ్వు" అన్నచో తరచుగా అది భాష చాలకయే గాని గౌరవము చాలక కాదు. తెలుగువాడు ఉర్దూలో "తుమ్" అన్నప్పుడును ఇంతియే.

అడుగునప్పుడు మూడు సంగతులు కలిపి చెప్పవలెను: ఏమి కావలెను, ఎందుకు కావలెను, ఎప్పటికి కావలెను. "ఆ స్టేట్‌మెంటు త్వరగా కావాలండీ" అనుటలో మర్యాద ఉన్నది గాని సమాచారము లేదు. "జిల్లా కార్యాలయమునకు రేపు సాయంత్రము పంపవలసియున్నది, మీ విభాగపు అంకెలు రేపు మధ్యాహ్నములోగా ఇప్పించగలరా?" అన్నచో ఎదుటివాడు తన పనిని సర్దుకొనగలడు. అన్నింటికిని "అర్జెంటు" అను చీటీ తగిలించువాని మాటను కొంత కాలమునకు ఎవరును నమ్మరు. గడువు నిజము చెప్పుటయే పెద్ద మర్యాద.

సహాయము పొందిన తరువాతి మాట కూడ ముఖ్యమే. తెలుగులో కృతజ్ఞతలు, ధన్యవాదములు అను మాటలు వేదిక మీది మాటలవలె వినబడును గనుక మనవారు ప్రక్క కుర్చీవానితో వాటిని పలుకుటకు సంకోచింతురు. "మేలు చేశారు", "మీ చలవ వలన ఇవాళ పని అయిపోయింది" అను పలుకుబడులు మనకు లేకపోలేదు. ఉర్దూలో "షుక్రియా", "మెహర్బానీ" నిత్యవ్యవహారములోనివే. అంతకంటెను విలువైనది, సూపరింటెండెంటు మెచ్చుకొన్నప్పుడు "ఈ అంకెలు లెక్కల విభాగము వారు తీసియిచ్చినవి" అని అతని ఎదుటనే చెప్పుట. పొగడ్తను పంచుకొన్నవానికి మరునాడు పని వేగముగా జరుగును.

4. ఉర్దూ తెలుగుల కలిమి

మన ప్రాంతపు దఫ్తరులో ఈ రెండు భాషలు చాల కాలముగా కలిసి కూర్చున్నవి. హైదరాబాదు సంస్థానములో 1884లో పారశీకము స్థానమున ఉర్దూ పరిపాలనా భాషయైనది. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూనే బోధనాభాషగా స్వీకరించినది. 1966 నాటి అధికార భాషా చట్టము ఆంధ్రప్రదేశములో తెలుగును పాలనాభాషగా నిలిపినది. తెలంగాణ రాష్ట్రము 2017లోను, ఆంధ్రప్రదేశము 2022లోను ఉర్దూను రెండవ అధికార భాషగా శాసనము చేసినవి.

చట్టముల మాట అటుంచుడు. ఏ తెలుగు గుమాస్తాయైనను తన దినచర్యను చెప్పుకొన్నచో అందులో సగము మాటలు అరబ్బీ, పారశీకముల నుండి ఉర్దూ వాకిట వచ్చినవే యుండును. దఫ్తరు, అర్జీ, ముసాయిదా, నకలు, దాఖలు, మంజూరు, హాజరు, సిఫారసు, రసీదు, తనిఖీ, తాఖీదు - ఇవి ఎవరి మాటలని అడిగినచో ఏమి చెప్పగలము? ఇరువురివియు. కాని పంచుకొన్న మాటలలోనే ఒక్కొక్కప్పుడు పొరపాటు దాగియుండును. "రాజీనామా" అన్నచో తెలుగువానికి ఉద్యోగము వదలుకొను పత్రము. ఉర్దూలో అది ఇరుపక్షములును సమ్మతించి వ్రాసికొన్న ఒడంబడిక, ఉద్యోగము వదలుటకు వారి మాట "ఇస్తీఫా". మాట ఒకటేయైనను అర్థము ఒకటేనని తలచరాదు. సందేహమున్నచో "మీరనునది ఇదియేనా?" అని అడుగుట నామోషీ కాదు.

ఇరుభాషల కార్యాలయములో మరియొక సూక్ష్మ ధర్మము కలదు. ముగ్గురు కూర్చున్నచోట ఇద్దరు తమ ఇంటి భాషలోనికి జారి నవ్వుకొన్నచో మూడవవాడు తననే నవ్వినారనుకొనును. మాట మధ్యలో ఒక్క వాక్యమును అతని భాషలో అందించినచో ఆ అనుమానము పుట్టదు. అట్లే ఉర్దూలో వ్రాసిన అర్జీ తెలుగు మాత్రమే తెలిసిన సహాయకుని బల్లపైకి వచ్చినప్పుడు, "నాకు రాదు" అని ప్రక్కన పెట్టుట సులభము. "ఖాన్ సాబ్, ఇందులో ఏమున్నదో రెండు ముక్కలు చెప్పగలరా?" అని అడిగినచో రెండు నిమిషములలో పని జరుగును. రేపు తెలుగు సర్క్యులరుతో ఖాన్ సాబ్ మన బల్ల వద్దకు వచ్చును. ఇది ఇచ్చిపుచ్చుకొనుట.

రంజాన్ మాసములో ముస్లిం ఉద్యోగులు ఒక గంట ముందుగా ఇంటికి వెళ్ళుటకు మన రాష్ట్రములలోని ప్రభుత్వములు అనుమతి ఇచ్చుచు వచ్చినవి. ఆ గంటలో వచ్చిన తపాలును తెలుగు మిత్రుడు తీసికొని యుంచుట, సంక్రాంతికో దసరాకో అతడు ఊరికి వెళ్ళునప్పుడు అతని సీటును ముస్లిం మిత్రుడు చూచుట అనేక కార్యాలయములలో ఎవరును చెప్పకయే జరుగుచున్నవి. ఏ ఉత్తరువును ఇట్టి మన్ననను పుట్టింపజాలదు.

5. వ్రాతలోని మర్యాద

నోటి మాట గాలిలో పోవును, నోటు ఫైలులో నిలుచును. ఇప్పుడు అనేక కార్యాలయములలో కాగితపు ఫైలు స్థానమున ఈ-ఆఫీస్ విధానము వచ్చినది. అందులో ఒకసారి పంపిన నోటును చెరుపుటకు వీలులేదు. వ్రాసినవాని పేరు, తేదీ, గంట, నిమిషముతో సహా నమోదగును. పైగా 2005 నాటి సమాచార హక్కు చట్టము "సమాచారము" అను పదములో అభిప్రాయములను, సలహాలను కూడ చేర్చినది. చట్టము మినహాయించినవి తప్ప, ఫైలులోని నోట్ల నకళ్ళను పౌరుడు కోరవచ్చును, సాధారణముగా 30 దినములలో సమాధానము ఇయ్యవలెను. కోపములో వ్రాసిన విశేషణము ఒకటి ఏనాడో ఒక అపరిచితుని చేతిలో కార్యాలయపు పరువును తీయగలదు.

ఈ రెండు నోట్లను పోల్చి చూడుడు.

"లెక్కల విభాగము వారు ఎప్పటివలెనే అలసత్వము వహించినందున ఈ ఫైలు ఆలస్యమైనది."

"సర్వీసు రిజిస్టరు 4వ తేదీన లెక్కల విభాగమునకు పంపబడినది. 19వ తేదీ వరకు తిరిగి రాలేదు. జ్ఞాపిక పంపుటకు అనుమతి కోరడమైనది."

మొదటి నోటులో నింద ఉన్నది, తేదీ లేదు. రెండవదానిలో తేదీలున్నవి, నింద లేదు. అధికారికి ఉపయోగపడునది రెండవదియే. నిజముగా ఆలస్యము జరిగియున్నచో ఆ తేదీలే చెప్పును. జరుగనిచో మనము అన్యాయముగా ఒకరిని తూలనాడిన దోషము రాదు. విశేషణమును తీసివేసి తేదీని వ్రాయుట అను ఒక్క సూత్రమును పాటించినచో నోటు వ్రాతలోని అమర్యాద చాలవరకు తొలగును.

జ్ఞాపిక పంపుటకు ముందు ఒక్క మారు లేచి ఆ బల్ల వద్దకు వెళ్ళి అడుగుట మేలు. ఆ సీటులోని మనిషి సెలవులో నుండవచ్చును, రిజిస్టరు ఆడిటు వారి వద్ద నుండవచ్చును. నడిచి వెళ్ళిన ఇరువది అడుగులు ఒక్కొక్కప్పుడు ఇరువది దినముల ఉత్తరప్రత్యుత్తరములను తప్పించును. మెమో భాష సహజముగనే కఠినమైనది, "మెమో ఇచ్చినారు" అన్నచో శిక్ష అనియే మనవారి భావన. అధికారులు ఒకరితో ఒకరు సౌమ్యముగా వ్యవహరింపదలచినప్పుడు డి.ఓ. లేఖ వ్రాయుదురు. అందులో పేరు పెట్టి సంబోధించి, "నేను" అని ఉత్తమ పురుషలో వ్రాయుదురు. కఠినమైన విధానము నడుమనే సౌమ్యతకు ఇట్లు ఒక ద్వారము ఉంచబడినదను సంగతి గమనింపదగినది.

ఫోనులోని కార్యాలయ బృందములను గూర్చి ఒక మాట. తోటివాని పొరపాటును నలువదిమంది చూచు బృందములో ఎత్తిచూపుట బజారులో నిలబెట్టి మందలించుటతో సమానము. పొరపాటును విడిగా చెప్పవలెను, ప్రశంసను అందరిలో చెప్పవలెను.

6. కాదనుటలోని మర్యాద

మర్యాద అన్నచో అన్నింటికిని తల ఊపుట యని కొందరు తలచుచున్నారు. అది పొరపాటు. తపాలు సీటులోనున్న సహాయకునితో ఒక మిత్రుడు, "ఈ అర్జీ నిన్ననే గడువు దాటినది, మొన్నటి తేదీ వేసి ఎక్కించుము" అని అడిగినాడనుకొందము. స్నేహము కొరకు ఆ పని చేసినచో రిజిస్టరు అబద్ధమగును, సకాలములో అర్జీ పెట్టిన వేరొకనికి అన్యాయము జరుగును, మనకు ఉద్యోగమునకే ముప్పు వచ్చును. కఠినముగా తిట్టి పంపినచో మిత్రుడు శత్రువగును. మూడవ మార్గము కలదు: "తేదీ మార్చుట నా వల్ల కాదండీ. నేటి తేదీతో ఇప్పుడే ఎక్కించెదను. ఆలస్యమునకు కారణము వ్రాసి మన్నింపు కోరుచు ఒక విన్నపము జతపరచుడు, దానిని ఫైలుతో పాటు ఈ పూటనే పైకి పంపెదను." ఇందులో కాదనుట స్పష్టముగానున్నది, చేయగల సాయమును స్పష్టముగానే యున్నది. "చూద్దాం", "రేపు రండి" అని నాన్చుట మర్యాదవలె కనిపించును గాని అది ఎదుటివాని కాలమును దొంగిలించుటయే.

పై అధికారి పొరపాటును చూపవలసి వచ్చినప్పుడును ఇదియే పద్ధతి. "మీరు తప్పు వేశారు" అనుటకంటె, "ఈ జి.ఓ. తేదీ ఒకసారి చూడగలరా, నాకు వేరుగా కనబడుచున్నది" అని కాగితమును ముందుంచుట మేలు. నిర్ణయము ఆయనది, కాగితమును చూపు బాధ్యత మనది. భయపడి చూపకపోవుట వినయము కాదు.

7. ఎవరి యెడల మన్నన?

మనిషి మర్యాదను పై అధికారి గదిలో కొలువరాదు, అటెండరుతో మాట్లాడునప్పుడు కొలువవలెను. తండ్రి వయసు గల అటెండరును "ఒరేయ్" అని పిలుచు యువకుడు ఎన్ని ఆంగ్ల పదములతో అధికారికి నమస్కరించినను అతని మర్యాద భయమే గాని సంస్కారము కాదు. "యాదగిరి గారు", "కరీం భాయ్" అని పేరుతో పిలుచుటకు ఖర్చు లేదు. ఏ ఫైలు ఏ బీరువాలో ఏ అరలో ఉన్నదో కార్యాలయమంతటిలో బాగుగా తెలిసినవాడు తరచుగా అతడే.

స్త్రీ సహోద్యోగుల యెడల ఈ బాధ్యత మరింత హెచ్చు. పని స్థలములో స్త్రీలపై లైంగిక వేధింపులను నివారించుటకు 2013లో చట్టము వచ్చినది. పదిమంది, ఆపైన పనిచేయు ప్రతి చోటను అంతర్గత కమిటీ ఉండవలెనని అది శాసించినది. చట్టము శిక్షించువరకు ఆగుట సంస్కారవంతునికి తగదు. హాస్యమను పేరుతో రూపమును గూర్చి, దుస్తులను గూర్చి, పెండ్లిని గూర్చి చేయు వ్యాఖ్యలు వినువారికి హాస్యములు కావు. బురఖాయైనను, చీరయైనను, ఆమె వద్ద మనకు పని ఫైలుతోనే.

8. అభ్యాసము

మర్యాద పుట్టుకతో వచ్చునను మాటను మేము అంగీకరింపము. టైపు నేర్చినట్లే దీనిని నేర్వవచ్చును. విద్యార్థులు ఈ క్రింది పనులు చేసి చూతురు గాక:

ఒకటి - కళాశాల కార్యాలయములో బదిలీ పత్రము కొరకు అడుగు విన్నపమును తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి వ్రాయుడు. ఏమి, ఎందుకు, ఎప్పటికి అను మూడును ఉన్నవేమో చూచుకొనుడు.

రెండు - ఎవరిపైనైనను కోపము వచ్చిన దినమున ఫిర్యాదును ఐదు వాక్యములలో వ్రాయుడు. మరునాడు ఉదయమున విశేషణములన్నియు కొట్టివేసి, మిగిలిన సంగతులను మరల చదువుడు. ఏమియు మిగులనిచో ఆ ఫిర్యాదు పంపదగినది కాదు.

మూడు - మన కార్యాలయపు అటెండర్ల పేర్లు ఎన్ని తెలియునో లెక్కించుకొనుడు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటి. వారమునకు ఒక గంట చొప్పున నోటు వ్రాత, ముసాయిదా వ్రాత రెండు భాషలలోను నేర్పించు ఏర్పాటు చేసినచో, పదవీ విరమణ చేసిన అనుభవజ్ఞులలో ఒకరిద్దరిని అందుకు ఆహ్వానించినచో, మన విద్యార్థులు ఉద్యోగములో చేరిన దినముననే పనికి వత్తురు. ఇందుకు పెద్ద ఖర్చు లేదు, ఒక గదియు, ఒక నల్లబల్లయు చాలును.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో ఎవరో ఒకరు ఆ కుర్చీలో కూర్చుందురు. మీ ముందుకు ఒక కుటుంబ పింఛను అర్జీ వచ్చును. దానికి కావలసిన రిజిస్టరు మీకు గిట్టని మనిషి బల్ల మీద ఉండును. ఆ దినమున మీరు లేచి వెళ్ళి, ఆయనను గౌరవముగా పలుకరించి, ఆ రిజిస్టరును తెచ్చినచో మన కళాశాల మీకు నేర్పిన చదువు సార్థకమైనదని మేము సంతోషింతుము.